రిమోట్ టవర్‌తో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ల శిక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

టవర్ రేటింగ్‌కు (టవర్‌లో పనిచేసే అర్హతకు) సిద్ధమవుతున్న ట్రైనీలు, వాళ్లకు నేర్పే ఇన్‌స్ట్రక్టర్లు, అద్దాల టవర్ నుంచి తెరల టవర్‌కు మారబోతున్న సీనియర్ కంట్రోలర్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నిటికి జవాబు రెండు వాక్యాల్లో అయిపోతుంది. కొన్నిటికి లెక్కలు వేసి చూపించాలి.

రిమోట్ టవర్ అంటే ఏమిటి?

మామూలు టవర్‌లో కంట్రోలర్ అద్దాల గదిలోంచి రన్‌వేను కంటితో చూస్తూ పనిచేస్తారు. రిమోట్ టవర్‌లో ఆ గది ఉండదు. విమానాశ్రయంలో ఒక స్తంభం మీద కెమెరాలు, మైకులు పెడతారు. ఆ చిత్రం, శబ్దం ఫైబర్ కేబుళ్ల మీదుగా దూరంగా ఉన్న కేంద్రానికి వెళ్తాయి. కంట్రోలర్ అక్కడ వరుసగా పేర్చిన తెరల ముందు కూర్చుని క్లియరెన్సులు (దిగడానికి, ఎగరడానికి అనుమతులు) ఇస్తారు.

2015 ఏప్రిల్ 21న స్వీడన్‌లోని ఓర్న్‌షోల్డ్స్‌వీక్ విమానాశ్రయం ఈ పద్ధతిలో పనిచేయడం మొదలుపెట్టింది. దాని ట్రాఫిక్‌ను వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న సుండ్స్‌వాల్ నుంచి నడిపించారు. ప్రపంచంలో అదే మొదటిది. జర్మనీలో 2018 డిసెంబరు నుంచి సార్‌బ్రూకెన్ ట్రాఫిక్‌ను లైప్‌జిగ్ నుంచి చూస్తున్నారు. నార్వేలో చిన్న విమానాశ్రయాలను బోడో కేంద్రం నుంచి నడుపుతున్నారు. 2021లో లండన్ సిటీ విమానాశ్రయం పూర్తిగా ఇలా మారింది. అక్కడ 50 మీటర్ల స్తంభం మీద 16 కెమెరాలున్నాయి, కంట్రోలర్లు మాత్రం హాంప్‌షైర్‌లోని స్వానిక్‌లో ఉంటారు.

చట్టప్రకారం తెర మీద చూసినా "చూసినట్టే"నా?

అవును, ఒక షరతు మీద. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐసీఏఓ) 2018లో తన ట్రాఫిక్ నిర్వహణ నియమాల పత్రం డాక్ 4444ను సవరించింది. దాని ప్రకారం కిటికీలోంచి నేరుగా చూడవచ్చు, లేదా ఆ పని కోసం ప్రత్యేకంగా ఆమోదం పొందిన దృశ్య నిఘా వ్యవస్థ ద్వారా చూడవచ్చు. ఆమోదం ఇచ్చేది ఆ దేశపు అధికార సంస్థే. కాబట్టి ప్రహరీ మీద బిగించిన సీసీ కెమెరాను చూసి ల్యాండింగ్ క్లియరెన్స్ ఇవ్వడం ఎక్కడా చెల్లదు.

టవర్ సిమ్యులేటర్ ఉండగా శిక్షణకు ఇది ఎందుకు?

సిమ్యులేటర్ అవసరం తీరిపోదు. దానికి దొరకని మూడు అవకాశాలు రిమోట్ టవర్‌లో దొరుకుతాయి.

ఒకటి, నిజమైన ట్రాఫిక్ రికార్డింగ్. సిమ్యులేటర్‌లో పైలట్ పాత్ర పోషించేవారు రాసుకున్న స్క్రిప్టు ప్రకారం మాట్లాడతారు. నిజమైన పైలట్ రీడ్‌బ్యాక్‌లో (విన్నదాన్ని తిరిగి చెప్పడంలో) సగం మింగేస్తాడు, టాక్సీవే (విమానం నేల మీద నడిచే దారి) పేరు తప్పు చెబుతాడు, మీరు అవతలి విమానంతో మాట్లాడుతుండగా మధ్యలో దూరతాడు. వర్షం కూడా కంప్యూటర్ గీసినట్టు సమంగా కురవదు.

రెండు, అదే బల్ల. ఉద్యోగంలో వాడబోయే తెరలు, అవే మీటలు, అదే రేడియో ప్యానెల్ మీద సింథటిక్ (కంప్యూటర్ గీసిన) దృశ్యం పంపి శిక్షణ ఇవ్వవచ్చు. చేతికి అలవాటు ఒక్కసారే పడితే చాలు.

మూడు, షాడో మోడ్. దాని గురించి కింద విడిగా చెప్పాం.

ఇంకో చిన్న సౌకర్యం కూడా ఉంది. చిన్న విమానాశ్రయాల టవర్ క్యాబ్‌లో (పైనున్న అద్దాల గదిలో) నలుగురు నిలబడితే ఊపిరాడదు. వీడియో ఫీడ్ పక్క గదికి కూడా వెళ్తుంది కాబట్టి, పనిచేస్తున్న కంట్రోలర్ భుజం మీంచి తొంగిచూడాల్సిన పని లేకుండా ట్రైనీలు గమనించవచ్చు.

తెర మీద చిత్రం కంటితో చూసినంత స్పష్టంగా ఉంటుందా?

ఉండదు. ఇది మొదటి రోజే లెక్క వేసి చూపించాల్సిన విషయం. మాటల్లో చెబితే ట్రైనీ తల ఊపి మర్చిపోతాడు.

ఉదాహరణకు 14 స్థిర కెమెరాలతో 360 డిగ్రీలు చుట్టేశారనుకుందాం. ఒక్కో కెమెరా వాటాకు సుమారు 25.7 డిగ్రీలు వస్తాయి. ఫుల్ హెచ్‌డీ కెమెరాను నిలువుగా తిప్పి బిగిస్తే అడ్డంగా 1080 పిక్సెళ్లు. అంటే డిగ్రీకి దాదాపు 42 పిక్సెళ్లు. మంచి చూపున్న కన్ను డిగ్రీలో 60 భాగాలను వేరుచేసి చూడగలదు. అంటే చిత్రం కంటికంటే తక్కువ. బైనాక్యులర్‌తో పోల్చే ప్రసక్తే లేదు.

ఇప్పుడు ఒక సెస్నా 172ను తీసుకోండి. రెక్కల చివర నుంచి చివరకు 11 మీటర్లు. 5 కిలోమీటర్ల దూరంలో అది ఎదురుగా వస్తుంటే తెర మీద వెడల్పు 5 పిక్సెళ్లు. దాని శరీరం ఎత్తు ఒక్క పిక్సెల్ కూడా నిండదు. రన్‌వే అవతలి కొసన, 2 కిలోమీటర్ల దూరంలో అడ్డంగా నిలబడ్డ కుక్క పొడవు ఒక పిక్సెల్‌కు కాస్త ఎక్కువ. తారు మీద పడ్డ టైరు ముక్క అసలు కనపడదు.

కనపడని దానికి కారణం పిక్సెళ్లు ఒక్కటే కాదు. ఒక ఫుల్ హెచ్‌డీ కెమెరా సెకనుకు 30 చిత్రాల చొప్పున కుదించకుండా పంపితే దాదాపు 1.5 గిగాబిట్లు అవుతుంది. 14 కెమెరాలకు 20 గిగాబిట్లు దాటుతుంది. అంత డేటాను ఎవరూ అలాగే పంపరు, కుదించి పంపుతారు. కుదించేటప్పుడు మొదట పోయేవి చిన్నగా, నేపథ్యం రంగులో కలిసిపోయేవి. మబ్బు ముందు కొంగల గుంపు, ఎండిన గడ్డిలో నక్క ఇలాంటివే.

అందుకే ట్రైనీ నేర్చుకోవాల్సిన అలవాటు ఒకటుంది. "ఏమీ కనపడలేదు" అన్నదాన్ని "ఏమీ లేదు" అని అనుకోకూడదు. రన్‌వే ఖాళీగా ఉందని నిర్ధారించుకోవాలంటే పనోరమాను (తెరలన్నీ కలిపి చూపే చుట్టూ దృశ్యాన్ని) ఒకసారి చూసి, జూమ్ కెమెరాతో ఈ కొస నుంచి ఆ కొసకు తుడిచినట్టు చూడాలి.

దూరాలు, కోణాలు ఎందుకు తప్పుగా తోస్తాయి?

చాలా కేంద్రాల్లో 360 డిగ్రీల దృశ్యాన్ని కంట్రోలర్ చుట్టూ పూర్తిగా కాకుండా, అర్ధచంద్రాకారంలో కుదించి చూపిస్తారు. వెనక్కి తిరగకుండా అంతా కళ్లముందే ఉంటుంది, అది లాభం. కానీ 360ని 240లోకి కుదిస్తే బయట 30 డిగ్రీలు పక్కన ఉన్నది తెర ముందు 20 డిగ్రీల పక్కనే ఉన్నట్టు అనిపిస్తుంది. డౌన్‌విండ్ (రన్‌వేకు సమాంతరంగా వెళ్లే దారి) నుంచి బేస్‌కు (రన్‌వే వైపు అడ్డంగా వచ్చే దారికి) తిరిగే విమానం తిరగకుండానే తిరిగినట్టు, లేదా తిరిగినా ఇంకా తిరగనట్టు తోస్తుంది.

తల పక్కకు వంచినా దృశ్యం మారదు. అద్దాల టవర్‌లో సీనియర్లు తమకు తెలియకుండానే ఒక అడుగు పక్కకు వేసి రెండు విమానాల్లో ఏది ముందుందో తేల్చుకుంటారు. తెర ముందు ఆ ఉపాయం పనిచేయదు.

దీనికి మందు స్థిర గుర్తులే. ప్రతి తెర మీద దూరం తెలిసిన మూడు నాలుగు వస్తువులను ట్రైనీ చూడకుండా చెప్పగలగాలి: నీళ్ల ట్యాంకు, సెల్ టవర్, హ్యాంగర్ మూల, కొండ అంచు. ఖాళీ కాగితం మీద పనోరమా గీయించి గుర్తులు, వాటి దూరాలు, దిక్కులు రాయించండి. వారంలో మూడుసార్లు గీస్తే చాలామందికి కుదురుతుంది.

చిత్రం ఎంత ఆలస్యంగా వస్తుంది? దాంతో ప్రమాదమా?

యూరోపియన్ ప్రమాణం ఈడీ-240ఏ ప్రకారం కెమెరా పట్టిన క్షణం నుంచి తెర మీద కనపడే క్షణం వరకు 1 సెకను మించకూడదు. మంచి వ్యవస్థల్లో అంతకన్నా తక్కువే ఉంటుంది. అయినా లెక్క గరిష్ఠానికే వేయండి. 140 నాట్ల వేగంతో దిగుతున్న విమానం ఒక్క సెకనులో 72 మీటర్లు పోతుంది.

రేడియోలో మాట ఒక వేగంతో, చిత్రం ఇంకో వేగంతో వస్తాయి. పైలట్ "రన్‌వే వెకేటెడ్" (రన్‌వే వదిలేశాను) అంటాడు, తెర మీద తోక ఇంకా హోల్డింగ్ గీత (రన్‌వే బయట ఆగే గీత) మీదే ఉంటుంది. ట్రైనీకి నేర్పాల్సిన పద్ధతి ఇది: మాట, చిత్రం రెండూ కుదిరాకే తర్వాతి క్లియరెన్స్. ఆ ఒక్క సెకను ఆగితే ఎవరికీ నష్టం లేదు.

జూమ్ కెమెరా వాడకంలో ట్రైనీలు ఎక్కడ తప్పటడుగు వేస్తారు?

పాన్, టిల్ట్, జూమ్ చేసే కెమెరా బైనాక్యులర్‌కు ప్రత్యామ్నాయం. చాలా వ్యవస్థల్లో లైట్ గన్ (రంగు వెలుగుతో పైలట్‌కు సంకేతమిచ్చే పరికరం) కూడా దానితో కలిసే తిరుగుతుంది. తప్పులు సాధారణంగా మూడు రకాలు.

మొదటిది, అతుక్కుపోవడం. జూమ్‌లో విమానం అందంగా, పెద్దగా కనపడుతుంది. ట్రైనీ కళ్లు ఆ చిన్న కిటికీలోనే ఉండిపోతాయి. ఈలోగా గడ్డి కోసే ట్రాక్టర్ రన్‌వే అంచుకు వచ్చేస్తుంది. జూమ్‌లో వరుసగా మూడు నాలుగు సెకన్లు మించి చూడొద్దని, మళ్లీ పనోరమాకు రావాలని నియమం పెట్టండి. ఇన్‌స్ట్రక్టర్ వెనక నిలబడి మనసులో లెక్కపెడితే సరిపోతుంది.

రెండోది, దిక్కు మర్చిపోవడం. జూమ్ చిత్రంలో ఎడమ కొస రన్‌వే ఏ కొసో తెలియక తప్పు మలుపు చెబుతారు. జూమ్ ఎక్కడ చూస్తోందో పనోరమా మీద చిన్న చతురస్రంగా కనపడే ఏర్పాటు ఉంటుంది. మొదటి వారం దాన్ని ఆపనివ్వొద్దు.

మూడోది, ప్రీసెట్లు (కెమెరాకు ముందే దాచిపెట్టిన దిశలు) నేర్చుకోకపోవడం. రెండు త్రెషోల్డులు (రన్‌వే కొసలు), హోల్డింగ్ పాయింట్లు, ఏప్రన్ (విమానాలు నిలిపే చోటు), విండ్‌సాక్ (గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం): ఇవి ఒక్క నొక్కుతో వచ్చేయాలి. జాయ్‌స్టిక్‌తో వెతుక్కుంటుంటే ఫైనల్ మీదున్న (దిగడానికి రన్‌వేకు నేరుగా వస్తున్న) విమానం ఆగదు.

లైట్ గన్ అభ్యాసాన్ని చాలాచోట్ల వదిలేస్తారు, వదలొద్దు. రేడియో పోయిన విమానాన్ని కెమెరాతో పట్టి, గాల్లో ఉన్నదానికి స్థిరమైన ఆకుపచ్చ అంటే దిగవచ్చని, స్థిరమైన ఎరుపు అంటే దారి ఇచ్చి తిరుగుతూ ఉండమని చూపాలి. కెమెరా విమానం మీద నిలవకపోతే ఆ వెలుగు పైలట్‌కు చేరదు.

తెర మీద విమానం పక్కన దాని పేరు చూపే లేబుల్, రాత్రిపూట ఇన్‌ఫ్రారెడ్: ఇవి ఉంటే పని తేలికే కదా?

తేలికే, ఉన్నంతసేపు. అందుకే ముందు లేబుళ్లు ఆపి నేర్పి, తర్వాత తెరవండి. లేబుల్‌తో మొదలుపెట్టిన ట్రైనీ లేబుల్‌నే చూస్తాడు, విమానాన్ని చూడడు. లెన్స్ ముందు ఎగిరిన పురుగును కూడా సాఫ్ట్‌వేర్ కదిలే వస్తువుగా పట్టుకుంటుంది. ఇన్‌ఫ్రారెడ్ వేడిని చూపిస్తుంది, రంగును చూపించదు. రాత్రి అడివి పందిని బాగా పడుతుంది, నావిగేషన్ లైటు ఎరుపో ఆకుపచ్చో చెప్పదు.

శిక్షణ ఏ క్రమంలో సాగాలి?

మేం సూచించే క్రమం ఇది.

1. తరగతి గది: కెమెరాల అమరిక, కనపడని చోట్లు, ఆలస్యం, వైఫల్యాల జాబితా. విమానాశ్రయానికి వెళ్లి కెమెరా స్తంభం కింద నిలబడి కంటితో ఒక రోజంతా ట్రాఫిక్ చూడటం ఇందులో భాగం. ఇది తప్పించకండి. మైదానంలో నడవని కంట్రోలర్‌కు తెర మీది గీతలు గీతలుగానే ఉండిపోతాయి.
2. రికార్డింగులు చూడటం: మొదట మాట్లాడకుండా, తర్వాత ఆపి "ఇప్పుడేం చేస్తావు?" అని అడుగుతూ.
3. అదే బల్ల మీద సింథటిక్ ట్రాఫిక్: 45 నిమిషాల అభ్యాసం, 30 నిమిషాల సమీక్ష. గంటలో రెండు విమానాలతో మొదలుపెట్టి పెంచుతూ పోవాలి.
4. షాడో మోడ్.
5. ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా నిజమైన ట్రాఫిక్ మీద ఆన్ ద జాబ్ ట్రైనింగ్.

షాడో మోడ్ అంటే?

నిజమైన కంట్రోలర్ పనిచేస్తుంటారు. అదే చిత్రం, అదే రేడియో వింటూ ట్రైనీ ఇంకో బల్ల దగ్గర తాను ఇవ్వబోయే క్లియరెన్సును గట్టిగా పలుకుతాడు, స్ట్రిప్పులు (ఒక్కో విమానం వివరాలుండే పట్టీలు) రాసుకుంటాడు. ఇద్దరి నిర్ణయాలూ ఎక్కడ విడిపోయాయో తర్వాత పోల్చుకుంటారు.

ఒక్క జాగ్రత్త: ట్రైనీ బల్ల నుంచి ట్రాన్స్‌మిట్టర్ లైన్ పూర్తిగా విడదీసి ఉండాలి. "నొక్కకు" అని చెప్పడం చాలదు. ఉత్సాహంలో చెయ్యి అదే పోతుంది.

రికార్డింగ్‌తో సమీక్ష ఎలా చేయాలి?

ఈ పరిజ్ఞానం శిక్షణకు ఇచ్చిన అసలు వరం ఇదే. పాత పద్ధతిలో ఇన్‌స్ట్రక్టర్‌కు గుర్తున్నది ఒకటి, ట్రైనీకి గుర్తున్నది ఇంకొకటి, చివరికి గొంతు పెద్దదున్నవాళ్ల మాట నెగ్గేది. ఇక్కడ ఇద్దరూ ఒకే చిత్రాన్ని మళ్లీ చూడవచ్చు.

ముందు అన్నీ ఒకే గడియారానికి కట్టి ఉన్నాయో లేదో చూసుకోండి: వీడియో, రేడియో, హాట్‌లైన్, జూమ్ కెమెరా దిశ. అర సెకను తేడా ఉన్నా సమీక్ష తప్పుదారి పడుతుంది.

ఒక ఉదాహరణ. ట్రైనీ ల్యాండింగ్ క్లియరెన్స్ ఇచ్చాడు, రన్‌వే మీద ఇన్‌స్పెక్షన్ జీపు ఉంది. టేపును క్లియరెన్స్‌కు పది సెకన్ల ముందు ఆపండి. "ఇప్పుడు రన్‌వే మీద ఏముంది? నీకెలా తెలుసు?" అని అడగండి, జవాబు వచ్చేదాకా నడపొద్దు. తర్వాత సెకను సెకనుగా కదపండి. జూమ్ చతురస్రం అప్పటికి ఆరు సెకన్లుగా ఫైనల్ మీది విమానం దగ్గరే ఉంది. జీపు ఏడో తెర కుడి అంచున, రెండు తెరల అతుకు దగ్గర, నల్లటి తారు మీద చిన్న పసుపు చుక్క. స్ట్రిప్ బే (స్ట్రిప్పులు పేర్చే పలక) మీద "రన్‌వే ఆక్యుపైడ్" (రన్‌వే ఖాళీగా లేదు) పట్టీ పెట్టలేదు. ఇప్పుడు తప్పు "నువ్వు చూడలేదు" అన్నది కాదు. పట్టీ పెట్టలేదు, అతుకు దగ్గర రెండోసారి చూడలేదు, జూమ్ వదల్లేదు. ఈ మూడింటినీ మర్నాడు అభ్యసించవచ్చు.

రికార్డింగులను శిక్షణకు వాడే ముందు యాజమాన్యం, ఉద్యోగుల మధ్య రాతపూర్వక అంగీకారం ఉండాలి. నేర్చుకోవడానికి తీసిన టేపు మెమో ఇవ్వడానికి వాడారని ఒక్కసారి తెలిస్తే, ఆ తర్వాత ఎవరూ నిజం మాట్లాడరు.

వైఫల్యాల అభ్యాసంలో ఏమేం ఉండాలి?

ఒక తెర నల్లబడటం, మొత్తం పనోరమా పోవడం, జూమ్ కెమెరా ఇరుక్కుపోవడం, శబ్దం పోవడం, ప్రధాన రేడియో పోవడం, నెట్‌వర్క్ ఒక దారి నుంచి ఇంకో దారికి మారడం. వీటన్నిటికంటే ప్రమాదకరమైనది గడ్డకట్టిన చిత్రం. నల్లబడ్డ తెర "నేను పోయాను" అని చెబుతుంది. గడ్డకట్టినది మామూలుగానే కనపడుతుంది, ఖాళీ రన్‌వే ఖాళీగానే ఉంటుంది. వ్యవస్థలో దాన్ని పట్టే అలారం ఉంటుంది. అభ్యాసంలో ఆ అలారం ఆపి, ఒక్క తెరను చడీచప్పుడు లేకుండా నిలిపేసి, ట్రైనీ ఎన్ని సెకన్లకు గుర్తించాడో రాసుకోండి. విండ్‌సాక్, జెండా, రోడ్డు మీద వాహనాలు కదులుతున్నాయా అని చూసే అలవాటు ఇలాగే వస్తుంది.

విమానం రెండు మైళ్ల ఫైనల్‌లో ఉండగా పనోరమా మొత్తం పోయిందనుకోండి. స్థానిక విధానమే అంతిమం, కానీ ఆలోచించే వరుస ఇలా ఉండాలి: ముందు రన్‌వేను కాపాడు, అంటే వాహనాలను, టేకాఫ్‌కు సిద్ధంగా ఉన్నవాటిని ఉన్నచోటే ఆపు. రన్‌వే ఖాళీ అని ఆ క్షణానికి ముందే నిర్ధారణ లేకపోతే గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేవమని) చెప్పు. తర్వాత అప్రోచ్‌కు (విమానాశ్రయం వైపు వచ్చే విమానాలను నడిపే యూనిట్‌కు) ఫోన్ చేసి రాకను ఆపించు. ఆ తర్వాతే టెక్నీషియన్. చాలామంది ట్రైనీలు ముందు టెక్నీషియన్ ఫోన్ ఎత్తుతారు.

వైఫల్యం అనిపించని ఇబ్బందులు కూడా అభ్యాసంలో పెట్టండి. పొద్దున్నే, సాయంత్రం సూర్యుడు లెన్స్‌లోకి నేరుగా కొట్టి రెండు తెరలు తెల్లగా మారిపోతాయి. లెన్స్ మీద నిలిచిన వాన చుక్క రన్‌వే లైటును నక్షత్రంలా చీలుస్తుంది. సాలెపురుగు కెమెరా గూడు ముందు గూడు కడుతుంది. వాషర్, గాలి ఊదే ఏర్పాటు మీట ఎక్కడుందో ట్రైనీకి చీకట్లో కూడా తెలియాలి.

మైకుల శబ్దం అంత అవసరమా?

అవసరమే. ఇంజిన్ శబ్దం పెరగడం టేకాఫ్ మొదలైందని చెబుతుంది. టైరు పేలిన చప్పుడు చిత్రంలో ఉండదు.

ఒకే కంట్రోలర్ రెండు విమానాశ్రయాలను చూడాలంటే?

ముందు ఒక్కోదానికి విడివిడిగా అర్హత సాధించాలి. యూరప్‌లో యూనిట్ ఎండార్స్‌మెంట్ (ఫలానా చోట పనిచేయవచ్చని లైసెన్స్ మీద రాసే అనుమతి) విమానాశ్రయాన్ని బట్టే ఇస్తారు. కలిపి చూసే శిక్షణ ఆ తర్వాతి మెట్టు.

అసలు ముప్పు కలగాపులగం. మనకు తెలిసిన చోటు నుంచి ఊహించి చూడండి: గన్నవరం, రేణిగుంట రెండింటి రన్‌వేల నంబర్లూ 08/26. రెండింటినీ ఒకే బల్ల నుంచి చూస్తే "రన్‌వే 26, క్లియర్డ్ టు ల్యాండ్" అన్న మాట ఎవరికి వర్తిస్తుంది? కాబట్టి ప్రతి పిలుపులోనూ విమానాశ్రయం పేరు పలికించాలి. తెరల అంచుకు, స్ట్రిప్పులకు ఒక్కో ఊరికి ఒక్కో రంగు ఇవ్వాలి. రెండు చోట్లా ఒకేసారి ల్యాండింగ్ పడితే ఒకరిని ఆగమనడం ఓటమి కాదని ట్రైనీకి స్పష్టంగా చెప్పాలి.

ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న కంట్రోలర్‌కూ మారడం కష్టంగా ఉందంటున్నారు, ఎందుకు?

ఆయన నైపుణ్యం చాలావరకు చెప్పడానికి మాటలు లేనిది. రెక్క వంగిన తీరు, అద్దం మీద వాన చప్పుడు, గాలి మారినప్పటి వాసన. తెర ముందు ఇవి లేవు. కాబట్టి ఆయన నెమ్మదిస్తారు. అది సహజం, పరీక్షలో తక్కువ మార్కులకు కారణం కాకూడదు. ముందు తక్కువ ట్రాఫిక్ వేళల్లో, స్పష్టమైన వాతావరణంలో కూర్చోబెట్టండి. రాత్రి, వాన తర్వాత. అన్నట్టు, కొత్త తెరల మీద తప్పులను మొదట పట్టేది కూడా ఈ సీనియర్లే. వాళ్ల ఫిర్యాదులను రాసి పెట్టుకోండి.

లైసెన్స్ గంటలకు ఈ శిక్షణ లెక్కకు వస్తుందా?

ఐసీఏఓ అనుబంధం 1 (లైసెన్సుల నియమాలు) ప్రకారం ఏరోడ్రోమ్ కంట్రోల్ రేటింగ్‌కు ఇన్‌స్ట్రక్టర్ పర్యవేక్షణలో 90 గంటలు లేదా ఒక నెల, ఏది ఎక్కువైతే అది, రేటింగ్ కోరే యూనిట్‌లోనే నిజమైన సేవలో గడపాలి. లైసెన్స్‌కు 21 ఏళ్లు నిండాలి, మూడో తరగతి వైద్య ధ్రువపత్రం, ఇంగ్లిష్ భాషా ప్రావీణ్యం కనీసం నాలుగో స్థాయి ఉండాలి. రికార్డింగులు చూసిన గంటలు, షాడో గంటలు ట్రైనీని సిద్ధం చేస్తాయి కానీ ఈ 90లో కలవవు.

ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో జూనియర్ ఎగ్జిక్యూటివ్‌గా చేరే తెలుగు అభ్యర్థులు బేగంపేటలోని హైదరాబాద్ శిక్షణ కేంద్రానికో, ప్రయాగ్‌రాజ్‌కో, మరో కేంద్రానికో వెళ్తారు. పునాది ఎక్కడైనా ఒకటే: ఫ్రేజియాలజీ (రేడియోలో వాడే నిర్ణీత మాటలు), సెపరేషన్ (విమానాల మధ్య ఉంచాల్సిన దూరం), స్ట్రిప్పుల క్రమశిక్షణ. ఇవి గట్టిగా ఉంటే తెరల టవర్‌లో కొత్తగా నేర్చుకోవాల్సింది పైన చెప్పినదే.

శిక్షణ కేంద్రం చిన్నగా మొదలుపెట్టాలంటే కనీసం ఏం కావాలి?

పూర్తి 14 తెరలు అవసరం లేదు. రన్‌వే, రెండు ఫైనల్స్ పట్టే 5 తెరలు, ఒక జూమ్ కిటికీ, స్ట్రిప్ బే, రేడియో ప్యానెల్, ఒకే గడియారంతో నడిచే రికార్డర్, పైలట్ పాత్రకు ఇద్దరు, సమీక్షకు తలుపు మూసుకునే గది. డబ్బు ఇంకా మిగిలితే ఆరో తెర కొనకండి, ఇంకో ఇన్‌స్ట్రక్టర్‌ను పెట్టుకోండి.